నిమిషాల లెక్కన తోడు: అమెరికా డాన్స్ హాళ్ళలో మెక్సికన్ యువతులు

అమెరికాకు వలస వచ్చిన శ్రామికుల చరిత్రలో పనికి సంబంధించిన భాగం బాగానే నమోదైంది. రైలు పట్టాలు వేసినవారు, పత్తి తీసినవారు, పండ్లతోటల్లో నిచ్చెనలెక్కినవారు ఎంతమంది, ఎక్కడినుంచి వచ్చారు, రోజుకెంత సంపాదించారు అన్న వివరాలు పుస్తకాల్లోనూ ప్రభుత్వ నివేదికల్లోనూ దొరుకుతాయి. పని ముగిసిన తర్వాత ఆ మనుషులు సాయంత్రాలు ఎక్కడ గడిపారు, ఎవరితో మాట్లాడారు అన్న ప్రశ్నకు మాత్రం సమాధానాలు తక్కువ. భార్యాపిల్లలు లేని ఊళ్ళో, భాష రాని దేశంలో, ఏడాదికి మూడు నాలుగు చోట్లు మారే మగవాడికి మరో మనిషి సాంగత్యం డబ్బు పెట్టి కొనుక్కోవలసిన వస్తువుగా మారింది. దానిని అమ్మినవారిలో మెక్సికో నుండి వచ్చిన యువతులు గణనీయంగా ఉన్నారు.

వారి పని టికెట్టు తీసుకుని ఒక పాట సేపు నాట్యం చేయడం. లేదా బల్ల దగ్గర కూర్చుని, ఖాతాదారు తెప్పించిన పానీయం తాగుతూ, అతను చెప్పేది వినడం. దీనిని సమాజం వేశ్యావృత్తికి ముసుగుగా భావించింది. పోలీసులు అనుమానంతో చూశారు. సంస్కర్తలు జాలిపడ్డారు. ఈ మూడు దృష్టులూ ఒక విషయాన్ని వదిలేశాయి. ఆ యువతులకు గిరాకీ తెచ్చిపెట్టిన ఒంటరితనం ఎవరో ఒకరి స్వభావలోపం కాదు, వలస విధానమూ కూలీ విధానమూ కలిసి తయారుచేసినది. ఈ వ్యాపారపు చరిత్ర చదివితే శిక్ష ఒకరికి, లాభం మరొకరికి ఎలా దక్కాయో తెలుస్తుంది.

టికెట్టు పద్ధతి

డబ్బిచ్చి నాట్యభాగస్వామిని తీసుకునే పద్ధతి శాన్ ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకుంది. ఆ నగరంలో బార్బరీ కోస్ట్ అని పేరుపడ్డ వినోదవాడలో సారాయి, నాట్యం ఒకే చప్పరం కింద నడిచేవి. 1913లో నగర పోలీసు కమిషన్ ఆ వాడలో మద్యం అమ్మేచోట నాట్యాన్ని నిషేధించింది. మద్యం మీద వచ్చే ఆదాయం పోయాక నాట్యాన్నే విడిగా అమ్మవలసి వచ్చింది. నాట్యపాఠశాలల పేరుతో హాళ్ళు వెలిశాయి. పాటకొక టికెట్టు, టికెట్టు పది సెంట్లు. అందులో సగం నాట్యం చేసిన అమ్మాయికి, సగం హాలు యజమానికి. అద్దెకారుకు మీటరు తిరిగినట్టే ఇక్కడ పాటలు తిరిగాయి గనుక వీటికి టాక్సీ డాన్స్ హాళ్ళన్న పేరు స్థిరపడింది.

1920లలో ఈ హాళ్ళు షికాగో, న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ నగరాలకు పాకాయి. మద్యనిషేధం అమల్లో ఉన్న కాలం కనుక హాలు అమ్మగలిగింది సంగీతమూ సాంగత్యమూ మాత్రమే. షికాగో విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్రం చదివిన పాల్ క్రెసీ, బాలల సంరక్షణకు పనిచేసే ఒక సంస్థ తరఫున 1925లో ఈ హాళ్ళ పరిశీలన మొదలుపెట్టాడు. ఆయన గ్రంథం ‘ది టాక్సీ డాన్స్ హాల్’ 1932లో వెలువడింది. షికాగోలోని హాళ్ళలో నాట్యం చేసినవారిలో పోలిష్ వలస కుటుంబాల అమ్మాయిలు ఎక్కువ. ఖాతాదారుల్లో ఫిలిపినోలు, మెక్సికన్లు, యూరప్ నుండి వచ్చిన ఒంటరి కార్మికులు, అంగవైకల్యం ఉన్నవారు, వయసు మీరినవారు ఉండేవారు. మరోచోట తమతో నాట్యం చేసే ఆడమనిషి దొరకనివారే ఎక్కువగా ఇక్కడికి వచ్చేవారని క్రెసీ గమనించాడు.

ఒంటరి మగవాళ్ళ నగరం

1910లో మొదలైన మెక్సికన్ విప్లవం దాదాపు పదేళ్ళు సాగింది. గ్రామాలు పాడయ్యాయి, పొలాలు బీడుపడ్డాయి, లక్షలమంది ఉత్తరానికి నడిచారు. అదే కాలంలో అమెరికా నైరుతి రాష్ట్రాల్లో సాగునీటి కాలువలు విస్తరించి కూలీల అవసరం పెరిగింది. 1917 వలస చట్టం సరిహద్దు దాటేవారికి అక్షరాస్యత పరీక్షనూ, ఎనిమిది డాలర్ల తలపన్నునూ విధించింది. 1924 చట్టం యూరప్ దేశాలకు కోటాలు పెట్టి, ఆసియావాసుల రాకను దాదాపు ఆపివేసింది. మెక్సికోకు మాత్రం కోటా పెట్టలేదు, పొలాల యజమానులు ఒప్పుకోలేదు. వారికి కావలసింది పంటకాలంలో వచ్చి, పంట ముగియగానే కనబడకుండా పోయే మనిషి.

అలా కనబడకుండా పోవలసిన మనుషులకు లాస్ ఏంజెలెస్ విడిది అయింది. పొలాల్లో పనిలేని నెలల్లో కూలీలు నగరానికి చేరేవారు. 1930 జనాభా లెక్కల ప్రకారం ఆ నగరంలో మెక్సికన్లు సుమారు 97,000 మంది. పాత ప్లాజా పరిసరాల్లో, మెయిన్ స్ట్రీట్ వెంబడి పనులు కుదిర్చే ఆఫీసులు, చౌక గదులు, పూల్ హాళ్ళు, స్పానిష్ నాటకశాలలు, డాన్స్ హాళ్ళు పక్కపక్కనే ఉండేవి. పగలు పనికి కుదిరే వీధిలోనే రాత్రి ఆ కూలి ఖర్చయ్యేది.

ఇక్కడికే వచ్చిన మరో సమూహం ఫిలిపినోలది. ఫిలిప్పీన్స్ అప్పటికి అమెరికా వలసరాజ్యం కనుక వారి రాకకు 1934 దాకా కోటా అడ్డు లేదు. 1930 నాటికి కాలిఫోర్నియాలో ఉన్న సుమారు 30,000 మంది ఫిలిపినోలలో పధ్నాలుగు మంది మగవారికి ఒక స్త్రీ ఉంటే గొప్ప. మంచి సూటు వేసుకుని, వారం కూలీ జేబులో పెట్టుకుని శనివారం రాత్రి డాన్స్ హాలుకు రావడం వారికి అలవాటు. తోటలో వంగి పనిచేసేటప్పుడు దక్కని గౌరవాన్ని వారు ఆ కొద్ది గంటల్లో వెతుక్కున్నారు.

మగవారిని పనికి పిలిచి కుటుంబాలను వదిలిరమ్మనడం అమెరికాలో మొదలైన పద్ధతి కాదు. కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుండి ఓడలెక్కిన తెలుగు కూలీల సంగతీ ఇదే. ఒప్పంద కూలీల ఓడల్లో ప్రతి వందమంది మగవారికి కనీసం నలభైమంది స్త్రీలుండాలని బ్రిటిష్ ప్రభుత్వం నియమం పెట్టవలసి వచ్చింది. ఎస్టేటు లైన్లలో స్త్రీల కొరతవల్ల పుట్టిన కలహాలకు కూడా నింద మోసింది ఆ కొద్దిమంది స్త్రీలే. ప్రదేశం ఏదైనా కూలీని చేతుల జతగా లెక్కగట్టిన చోట ఈ కథ దాదాపు ఒకేలా నడిచింది.

హాల్లో అడుగుపెట్టినవారు

మెక్సికన్ మానవశాస్త్రవేత్త మన్యుయెల్ గామియో 1926–27 ప్రాంతంలో అమెరికా అంతటా తిరిగి, తన సహాయకులతో కలిసి వలసవచ్చినవారి జీవితకథలు సేకరించాడు. అవి 1931లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణగా వెలువడ్డాయి. పొలం కూలీలు, చిన్న వ్యాపారులు, మేస్త్రీలు, ఇళ్ళలో పనిచేసేవారి మాటల మధ్య అందులో లాస్ ఏంజెలెస్ డాన్స్ హాలులో పనిచేసే ఒక యువతి వాంగ్మూలం కూడా ఉంది. ఈ వృత్తిలోని మెక్సికన్ స్త్రీ తన మాటల్లో తన పని గురించి చెప్పిన తొలి ఆధారాల్లో అది ఒకటి.

ఆమె విడాకులు పొందిన మనిషి. తల్లితో, అక్కచెల్లెళ్ళతో నగరానికి చేరింది. ఇల్లు గడవడానికి పని వెతుక్కుంది. ఎవరొచ్చి టికెట్టిస్తే వారితో నాట్యం చేయవలసి రావడం మొదట్లో ఆమెకు నచ్చలేదు, తర్వాత అలవాటైంది. జీవనాధారం కనుక పట్టించుకోవడం మానేసింది. వారానికి 20 నుండి 30 డాలర్ల దాకా వస్తాయని ఆమె చెప్పింది. ఆ కథనంలో పాపభీతీ లేదు, గొప్పలూ లేవు. బట్టల ఫ్యాక్టరీలో మెషిను తొక్కే మనిషి తన పనిని వివరించినట్టే ఆమె తన పనిని వివరించింది.

ఆ సంపాదన ఎక్కువా తక్కువా అన్నది పోల్చి చూస్తే తెలుస్తుంది. కాలిఫోర్నియాలో స్త్రీలకు 1920 నుండి అమల్లో ఉన్న కనీస వేతనం వారానికి 16 డాలర్లు. బట్టల కుట్టుపనిలో, పండ్ల క్యానరీల్లో ముక్కల లెక్కన పనిచేసిన మెక్సికన్ స్త్రీలలో చాలామందికి అది కూడా అందేది కాదు. 1933లో లాస్ ఏంజెలెస్ దుస్తుల కార్మికులు చేసిన సమ్మెలో మెక్సికన్ స్త్రీలే అధికసంఖ్యలో పాల్గొనడానికి కారణం అదే. అందువల్ల డాన్స్ హాలు కూలీ ఆకర్షణీయంగా కనిపించడంలో వింతలేదు.

అయితే ఆ డబ్బు ఎలా వచ్చేదో కూడా లెక్క వేయాలి. ఒక నాట్యానికి అమ్మాయికి దక్కేది ఐదు సెంట్లు. 20 డాలర్లు రావాలంటే వారానికి 400 నాట్యాలు చేయాలి. వారంలో ఆరు రాత్రులు పనిచేస్తే రాత్రికి దాదాపు 67. వాద్యబృందం ఒక్కొక్క పాటను నిమిషం, నిమిషంన్నరలో ముగించేది, పాట ఎంత పొట్టిదైతే టికెట్లు అంత ఎక్కువ తెగుతాయి. ఎవరూ పిలవకుండా గోడవారగా నిలబడ్డ సమయానికి కూలీ లేదు. బట్టలు, చెప్పులు, జుట్టు అలంకరణ ఖర్చులు ఆమెవే. తడబడే అడుగును సరిదిద్దడం, చెమటవాసన భరించడం, అతిగా దగ్గరకు లాగేవాణ్ణి నొప్పించకుండా దూరం జరపడం, నిన్న వచ్చినవాడి పేరు గుర్తుపెట్టుకోవడం, ఇవన్నీ ఆ ఐదు సెంట్లలో భాగమే. ఇటువంటి పనికి సామాజికశాస్త్రంలో పేరు రావడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. 1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ విమాన పరిచారికల మీద రాసిన గ్రంథంలో, ఎదుటివారిలో ఒక భావం కలిగించడం కోసం తన భావాన్ని అదుపులో పెట్టుకునే శ్రమను భావశ్రమగా గుర్తించింది.

ఇంట్లో జరిగిన పోరాటం వేరు. మెక్సికన్ కుటుంబాల్లో పెళ్ళికాని అమ్మాయి నాట్యానికో సినిమాకో వెళ్ళాలంటే తోడుగా తల్లి, అత్త, లేకపోతే తమ్ముడైనా ఉండవలసిందే. తెలుగువారికి ఈ ఆచారం వివరించనక్కరలేదు. ఇరవయ్యో శతాబ్దపు మెక్సికన్ అమెరికన్ స్త్రీల చరిత్ర రాసిన విక్కీ రూయిజ్, ఈ తోడు ఆచారం చుట్టూ తల్లీకూతుళ్ళ మధ్య నడిచిన ఘర్షణను విపులంగా చర్చించింది. సొంత జీతం చేతికొచ్చిన అమ్మాయి జుట్టు కత్తిరించుకుంటానంటే తండ్రి ఒప్పుకోడు. కానీ ఆమె జీతం లేకపోతే అద్దె కట్టడం కష్టం. ఇంటికి దారిచూపే పెద్దమనిషే లేని కుటుంబాల్లో, భర్త వదిలేసినచోట, తండ్రి విప్లవంలో పోయినచోట ఆ ఘర్షణ అవసరం ముందు ఓడిపోయింది. తోడు లేకుండా బయటికి వెళ్ళకూడదన్న నియమంలో పెరిగిన అమ్మాయి, ఇతరులకు తోడుగా ఉండి ఇల్లు పోషించింది.

చట్టం చూపు

ఈ యువతులకు పోలీసు లాఠీకన్నా ప్రమాదకరమైనది వలస చట్టం. 1910 మార్చిలో అమెరికా కాంగ్రెస్ వలస చట్టాన్ని సవరించింది. వ్యభిచారం చేసే విదేశీ స్త్రీలను దేశం నుండి పంపివేయవచ్చునన్న నిబంధన 1907 నుండే ఉన్నా, దేశానికొచ్చిన మూడేళ్ళలోపు మాత్రమే అది వర్తించేది. కొత్త సవరణ ఆ గడువును తీసివేసింది. అంతకన్నా ముఖ్యంగా, వేశ్యలు తరచుగా వచ్చే సంగీతశాలలో గాని, నాట్యశాలలో గాని, ఇతర వినోదస్థలంలో గాని పనిచేసే విదేశీయులు కూడా బహిష్కరణకు అర్హులేనంది. 1917 చట్టం ఆ మాటలను కొనసాగించింది.

ఈ వాక్యం ఎంతదూరం పోతుందో ఆలోచించాలి. ఒక స్త్రీ వ్యభిచరించిందని రుజువు చేయనక్కరలేదు. ఆమె పనిచేసే హాలుకు ఎటువంటివారు వస్తారన్నది చాలు. ఆ హాలు యజమాని అమెరికా పౌరుడైతే అతనికి ఈ చట్టంతో నిమిత్తం లేదు, నగరం ఇచ్చిన లైసెన్సు ఉంటే దీపాలు వెలుగుతూనే ఉంటాయి. టికెట్టు కొన్న పౌరుడికి అసలే నిమిత్తం లేదు. ఒకే పాటకు ఒకే నేలమీద కదిలిన ఇద్దరిలో ఒకరికి అది వినోదం, మరొకరికి దేశం వదిలి పోవలసినంత నేరం. సరిహద్దు దగ్గర కూడా ఒంటరిగా వచ్చే మెక్సికన్ స్త్రీలను అధికారులు భర్త ఎక్కడ, పోషించేదెవరు అని గుచ్చి గుచ్చి అడిగేవారు. ప్రభుత్వానికి భారం కాగలదన్న కారణం చూపి వెనక్కి పంపేవారు.

ఆర్థికమాంద్యం వచ్చాక అనుమానం మొత్తం సమూహం మీదికి మళ్ళింది. 1931 ఫిబ్రవరి 26న లాస్ ఏంజెలెస్ ప్లాజాను అధికారులు చుట్టుముట్టి సుమారు 400 మందిని నిలబెట్టి కాగితాలడిగారు. ఆ దశాబ్దంలో అమెరికా నుండి మెక్సికోకు వెళ్ళిపోయిన, పంపబడినవారి సంఖ్యను చరిత్రకారులు కొన్ని లక్షలుగా అంచనా వేస్తారు. వారిలో అమెరికాలోనే పుట్టి పౌరసత్వమున్న పిల్లలు ఎంతోమంది. డాన్స్ హాళ్ళకు వచ్చే కూలీలు తగ్గారు. ఆ హాళ్ళలో పనిచేసే యువతుల కుటుంబాలు కూడా ఆ రైళ్ళు ఎక్కవలసి వచ్చిన కుటుంబాలే.

జాతి ప్రశ్న దీనితో ముడిపడి ఉంది. 1930 జనవరిలో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్ దగ్గర ఫిలిపినోలు ఒక డాన్స్ హాలు నడిపి, అక్కడ శ్వేతజాతి అమ్మాయిలతో నాట్యం చేస్తున్నారన్న కోపంతో మూకలు దాడులకు దిగాయి. కొన్ని రోజులు సాగిన ఆ హింసలో ఫెర్మిన్ తోబెరా అనే ఇరవైరెండేళ్ళ ఫిలిపినో కూలీ తుపాకీ గుండుకు చనిపోయాడు. 1933లో సాల్వడార్ రోల్దాన్ అనే ఫిలిపినో శ్వేతజాతి స్త్రీని పెళ్ళాడే హక్కు కోసం కోర్టుకెళ్ళి గెలిస్తే, అదే ఏడాది రాష్ట్ర శాసనసభ చట్టం మార్చి ఆ దారి మూసింది.

ఈ వర్ణరేఖ మీద మెక్సికన్ స్త్రీ స్థానం చిత్రమైనది. 1848 సంధి వల్ల మెక్సికన్లు చట్టం దృష్టిలో శ్వేతజాతీయులు. వీధిలో, పాఠశాలలో, అద్దెయిల్లు వెతికేటప్పుడు కారు. పెళ్ళి లైసెన్సు ఇచ్చే గుమాస్తా చాలాచోట్ల కాగితం మీది జాతిని కాక కంటికి కనిపించే రంగును చూసేవాడు. రంగులు కలిశాయనిపిస్తే సంతకం పెట్టేవాడు. ఆ సందులోంచే ఎన్నో ఫిలిపినో–మెక్సికన్ కుటుంబాలు ఏర్పడ్డాయి. ఇంపీరియల్ లోయలో పత్తి పండించిన పంజాబీ రైతులు మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడింది కూడా అలాగే. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు శ్వేతజాతీయులు కారని తేల్చి పౌరసత్వం నిరాకరించింది, స్వదేశం నుండి భార్యలను తెచ్చుకునే వీలు లేదు. ఆ కుటుంబాల కథను కేరన్ లియోనార్డ్ 1992లో పుస్తకంగా తెచ్చింది. ఆ దంపతులు ఎక్కువగా కలుసుకున్నది పొలాల్లోనే, డాన్స్ హాళ్ళలో కాదు. కానీ వెనక పనిచేసిన కారణం ఒకటే, మగవాణ్ణి రానిచ్చి అతని కుటుంబాన్ని రానివ్వని చట్టం. చివరికి 1948లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ రాష్ట్రపు వర్ణాంతర వివాహ నిషేధాన్ని కొట్టివేసిన కేసులో ఫిర్యాదీ ఆండ్రియా పెరెజ్ అనే మెక్సికన్ అమెరికన్ యువతి. నల్లజాతి యువకుణ్ణి పెళ్ళాడనివ్వమని ఆమె అడిగింది.

బిళ్ళల లెక్క

సరిహద్దుకు అవతల ఇదే వ్యాపారం మరో రూపంలో నడిచింది. మెక్సికో కాబరేలలో ఖాతాదారు చేత పానీయం కొనిపించిన యువతికి గ్లాసుకొక బిళ్ళ ఇచ్చేవారు. రాత్రి ముగిశాక బిళ్ళలు లెక్కపెట్టి డబ్బిచ్చేవారు. బిళ్ళను స్పానిష్‌లో ఫిచా అంటారు, ఆ పనిచేసే స్త్రీకి ఫిచేరా అన్న పేరు అలా వచ్చింది. అమెరికాలో మద్యనిషేధం ఉన్న 1920–33 మధ్య తిహువానా, సియుదాద్ హ్వారెజ్ వంటి సరిహద్దు పట్టణాలు అమెరికన్ల డబ్బుతో వెలిగాయి. మెక్సికో లోపలి జిల్లాల నుండి పనికోసం వచ్చిన యువతులకు ఈ పట్టణాలు మజిలీ అయ్యాయి.

మెక్సికన్ సినిమా ఈ స్త్రీని వదలలేదు. ఎమీలియో ఫెర్నాందెజ్ 1949లో తీసిన ‘సలోన్ మెహికో’లో కథానాయిక చెల్లెలి హాస్టలు చదువు ఖర్చు కోసం డాన్స్ హాలులో పనిచేస్తుంది, ఆ సంగతి చెల్లెలికి తెలియనివ్వదు. త్యాగం చేసి చనిపోయే స్త్రీగా ఆమెను ప్రేక్షకులు మెచ్చారు. 1975లో వచ్చిన ‘బెయాస్ దె నోచె’ తరువాత ఫిచేరా చిత్రాలు ఒక ప్రత్యేక తరహాగా స్థిరపడ్డాయి. వాటిలో ఆమె నవ్వులకు, నగ్నత్వానికి పనికొచ్చే బొమ్మ. త్యాగమూర్తికీ బొమ్మకూ మధ్యలో, రాత్రి చివర బిళ్ళలు లెక్కపెట్టుకుని మార్కెట్టులో కూరగాయలు కొనుక్కుని ఇంటికెళ్ళే మామూలు స్త్రీకి తెరమీద చోటు తక్కువే దొరికింది.

ఈ పద్ధతి వలసతోపాటు ఉత్తరానికి ప్రయాణించింది. 1942 నుండి 1964 దాకా నడిచిన బ్రసేరో కార్యక్రమం కింద అమెరికా పొలాలకు మెక్సికన్ మగవారిని తాత్కాలికంగా రప్పించారు. మొత్తం సుమారు 46 లక్షల ఒప్పందాలు జరిగాయి, కుటుంబాలను తెచ్చుకోవడానికి అనుమతి లేదు. కూలీల శిబిరాల చుట్టూ బార్లు వెలిశాయి. కాలిఫోర్నియా బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ 25657వ సెక్షను, కమిషను ఇచ్చి ఖాతాదారుల చేత మద్యం కొనిపించడానికి మనుషులను పెట్టుకోవడం నేరమంటుంది. ఈ సెక్షను యజమానిని కూడా తప్పుపడుతుంది, అది 1910 చట్టం చేయని పని. కానీ అమలులో యజమానికి పోయేది లైసెన్సు. పత్రాలు లేని యువతికి పోయేది ఈ దేశంలో ఉండే అవకాశం.

మళ్ళీ వచ్చిన గడియారం

రెండో ప్రపంచయుద్ధం తర్వాత పాత టాక్సీ డాన్స్ హాళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. రేడియో, టెలివిజన్, శివారు ఇళ్ళు, తగ్గిన ఐరోపా వలస వాటి ఖాతాదారులను తీసుకుపోయాయి. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున మాత్రం ఆ వ్యాపారం హోస్టెస్ క్లబ్బుల పేరుతో నిలిచి, ఇరవయ్యో శతాబ్దం చివర మళ్ళీ పుంజుకుంది. టికెట్టు స్థానంలో కార్డు వచ్చింది. ఖాతాదారు ఒక యువతిని ఎంచుకోగానే ఫ్యాక్టరీలో హాజరు గుద్దే యంత్రంలాంటి దానిలో కార్డు గుద్దుతారు, లేచేటప్పుడు మళ్ళీ గుద్దుతారు. మధ్య నిమిషాలకు డబ్బు. నాట్యం చేయవచ్చు, సోఫాలో కూర్చుని మాట్లాడవచ్చు, టీవీలో ఆట చూడవచ్చు. నాట్యం చేసేవారిలో మెక్సికో, మధ్య అమెరికా దేశాల యువతులు ఎక్కువ. న్యూయార్క్ క్వీన్స్‌లో రూజ్వెల్ట్ అవెన్యూ వెంబడి బార్లలో పాటకింత చొప్పున నాట్యం చేసే బైలరీనాలది ఇదే వరుస.

గిరాకీ పెరగడానికి మళ్ళీ విధానమే దోహదం చేసింది. 1986 చట్టం సుమారు 27 లక్షలమందికి చట్టబద్ధ నివాసం ఇచ్చింది. 1990లలో సరిహద్దు కాపలా బిగిసింది. అంతకుముందు పంట ముగియగానే ఊరికి వెళ్ళి, మళ్ళీ వచ్చే మగవారు ఇప్పుడు తిరిగి రాలేమన్న భయంతో ఉండిపోయారు. డగ్లస్ మాసీ, అతని సహపరిశోధకులు చూపినట్టు, సరిహద్దు బిగించడం వలసను ఆపలేదు, రాకపోకలను ఆపింది. నెలల వియోగం ఏళ్ళకు సాగింది. తల్లి అంత్యక్రియలకు వెళ్ళలేని మనిషి, తన కూతురి ఎదుగుదలను ఫోనులోనే విన్న మనిషి శనివారం రాత్రి స్పానిష్‌లో మాట్లాడే ఒక అమ్మాయితో అరగంట కూర్చోవడానికి సగం రోజు కూలీ ఇచ్చాడు. ఎదురుగా కూర్చున్న ఆమె కూడా తరచు అదే స్థితిలో ఉంది. ఊళ్ళో తల్లి దగ్గర వదిలిన బిడ్డకు డబ్బు పంపడానికే ఆమె వచ్చింది. అతని దిగులు వినడం ఆమె ఉద్యోగం, ఆమె దిగులు వినడం ఎవరి ఉద్యోగమూ కాదు.

ఈ వృత్తిలో చీకటి లేదనడం అబద్ధమవుతుంది. అప్పు పేరుతో, బెదిరింపుతో యువతులను బార్లలో బంధించి, లైంగికంగా దోపిడీ చేసిన కేసులు టెక్సస్‌తో సహా పలుచోట్ల కోర్టుల్లో రుజువయ్యాయి. మానవ అక్రమ రవాణాకు వ్యతిరేకంగా పనిచేసే పొలారిస్ సంస్థ 2016లో ఇటువంటి కాంటీనాల మీద ప్రత్యేక నివేదిక ప్రచురించింది. 2000లో వచ్చిన చట్టం అటువంటి బాధితులకు టీ వీసా, యూ వీసా అన్న రక్షణలు కల్పించింది. 1910 చట్టంతో పోలిస్తే ఇది పెద్ద మార్పు. అయితే ఆ రక్షణ పొందాలంటే స్త్రీ తాను బాధితురాలినని నిరూపించుకోవాలి. బంధించబడకపోయినా, కూలీ ఎగ్గొట్టబడిన స్త్రీకి, రాత్రి మూడింటికి పార్కింగు స్థలంలో భయపడే స్త్రీకి, ఖాతాదారు చేయి విసిరినా ఫిర్యాదు చేయలేని స్త్రీకి ఆ తలుపు సులువుగా తెరుచుకోదు. నేరస్థురాలా, బాధితురాలా అన్న రెండు గడుల్లోనే చట్టం ఆమెను చూస్తుంది. కార్మికురాలన్న మూడో గడి ఆచరణలో ఖాళీగానే ఉంది.

2020లో మహమ్మారి వచ్చినప్పుడు ఆ ఖాళీ స్పష్టంగా కనిపించింది. ఒకరికొకరు దగ్గరగా నిలబడటమే సరుకైన వ్యాపారం ఒక్కరోజులో ఆగిపోయింది. సామాజిక భద్రతా సంఖ్య లేనివారికి కేంద్రప్రభుత్వ సహాయ చెక్కు రాలేదు. కాలిఫోర్నియా రాష్ట్రం పత్రాలు లేనివారికి మనిషికి 500 డాలర్ల చొప్పున ఒకసారి ఇచ్చింది, అది కూడా నిధి ఉన్నంతమందికే. ఏళ్ళతరబడి ఇతరుల ఒంటరితనాన్ని మోసిన స్త్రీలకు తమ ఒంటరితనపు నెలల్లో నిరుద్యోగ భృతి కూడా దక్కలేదు.

వందేళ్ళ ఈ చరిత్రలో టికెట్టు మారింది, పాటలు మారాయి, నగరాల పేర్లు మారాయి. పంట కోయడానికి, ఇళ్ళు కట్టడానికి మనిషిని పిలిచి అతని కుటుంబాన్ని సరిహద్దు దగ్గర ఆపే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. ఆ పద్ధతి ఉన్నంతకాలం సాంగత్యానికి ధర ఉంటుంది, దానిని అమ్మడానికి మరొక పేద స్త్రీ ఉంటుంది. గామియో పుస్తకంలోని యువతి తన వృత్తికి క్షమాపణ చెప్పుకోలేదు, జాలి కోరలేదు. ఎన్ని నాట్యాలకు ఎంత వస్తుందో మాత్రం ఖచ్చితంగా చెప్పింది. ఆమె గురించి తరువాత రాసినవారు ఆమె శీలం గురించి రాసినంత శ్రద్ధగా ఆ లెక్క గురించి రాసి ఉంటే, 1910 చట్టంలోని నాట్యశాల వాక్యం ఎవరి కోసం రాశారో, దానివల్ల ఎవరు తప్పించుకున్నారో ఇంకా ముందే తెలిసేది.